జనవరిలో న్యూజెర్సీ వెళ్తున్నాను, ఏ బైనాక్యులర్స్ కొనుక్కోవాలి?

ప్రశ్న: ఆంటీ, మాది విజయవాడ, పటమట. ఎమ్మెస్‌కి స్ప్రింగ్‌లో సీటు వచ్చింది. జనవరి మూడో వారంలో న్యూజెర్సీ వెళ్తున్నాను. రెండేళ్లుగా ఆదివారాలు కృష్ణ ఒడ్డున, వీలైనప్పుడు కొల్లేరులో పక్షుల్ని చూస్తున్నాను. ఇన్నాళ్లూ ఫ్రెండ్ బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకునేదాన్ని. అక్కడ మంచులో అసలు పక్షులు ఉంటాయా? బైనాక్యులర్స్ ఇక్కడే కొనుక్కుని వెళ్లనా, అక్కడ కొనుక్కోనా? పది వేలకి మించి పెట్టలేను. నాకు కళ్లజోడు ఉంది.

జవాబు: అమ్మాయ్, నీ ప్రశ్న చదివేటప్పటికి నేను గుంటూరులోనే ఉన్నాను. సంక్రాంతికని ముందే వచ్చేశాను. పొద్దున్నే ఉప్పలపాడు వెళ్లి, చెరువు గట్టు మీద గంటన్నర నిలబడి వచ్చాను. తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఒక పల్చటి శాలువా కప్పుకుంటే సరిపోయే చలి. చలికాలమంటే ఇదే అనుకుంటూ పెరిగిన పిల్లవి, నేరుగా అక్కడి జనవరిలో దిగబోతున్నావు. అందుకే బైనాక్యులర్స్ సంగతి కన్నా ముందు ఒక మాట అడుగుతాను. అక్కడ నీతో ఎవరుంటారు? అది నువ్వు రాయలేదు. నాకు అదే బెంగగా ఉంది.

నేనూ జనవరిలోనే దిగాను, 2003లో. పెళ్లయిన రెండు నెలలకి, డిపెండెంట్ వీసా మీద. మావారు ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. బ్రాడీపేటలో మా ఇంట్లో తెల్లారేసరికి పాలబ్బాయి, కూరలబండి, పక్కింటి పిన్నిగారు, ఎవరో ఒకరు పలకరించేవారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో హీటర్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. డిసెంబర్ నెలలో అక్కడ నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, జనవరిలో ఇంకో పావుగంట, అరగంట. ఆ చీకటి పడే వేళ నాకు కడుపులో తిప్పినట్టుండేది. మూడు వారాలపాటు మావారితో, ఫోన్ కార్డు మీద అమ్మతో తప్ప మరో మనిషితో మాట్లాడలేదు. ఆ దిగులు జబ్బు కింద లెక్క అని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు మంచు కురిసి ఆగాక బాల్కనీ కమ్మీ మీద ఒక పిట్ట వాలింది. కల్లంలో ఆరబోసిన మిరపపండు రంగు. తల మీద కుచ్చు, ముక్కు చుట్టూ నల్లటి ముసుగు, ముక్కు మాత్రం నారింజ ఎరుపు. తెల్లటి మంచు మీద అది అటూ ఇటూ గెంతుతుంటే నేను గ్యాస్ మీద పాలు మర్చిపోయాను. దాని పేరు కార్డినల్. చలికి ఎక్కడికీ పోదు, ఏడాదంతా అక్కడే ఉంటుంది. కాబట్టి పక్షులు ఉంటాయా అన్నదానికి జవాబు ఇదే. ఆకులు రాలిపోయి ఉంటాయి కనుక చలికాలంలోనే బాగా కనబడతాయి కూడా.

ఆ పిట్ట మళ్లీ రావాలని నేను చేసిన పని వింటే నువ్వు ఆ తప్పు చెయ్యవు. మా అమ్మ పిట్టగోడ మీద కాకికి ముద్ద పెట్టినట్టు, నేను రోజూ బాల్కనీలో గుప్పెడు అన్నం పెట్టాను. కార్డినల్ రాలేదు. పావురాలొచ్చాయి, ఉడతలొచ్చాయి, ఆ తర్వాత ఎలకలొచ్చాయి. కింది ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారు, అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, జరిమానా కట్టాం. మావారు ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నేను ఏడ్చాను. ఊరుకాని ఊళ్లో ఒక పిట్టకి అన్నం పెట్టినా తప్పేనా అనిపించింది. నువ్వు ముందు లీజు కాగితం చదువు. ఫీడర్ పెట్టుకోవచ్చని ఉంటే నల్ల పొద్దుతిరుగుడు గింజలు కొను, కార్డినల్‌కి అవంటే ప్రాణం. వద్దని ఉంటే పార్కుకి వెళ్లు. నిజానికి అదే మంచిది, గది దాటతావు.

ఇక బైనాక్యులర్స్. నేను మొదట కొన్నది ఆదివారం సంతలో, 40 డాలర్లకి, 20×50. ఇరవై రెట్లు పెద్దగా చూపిస్తుందట, పక్కనున్న 8×42 ఎనిమిది రెట్లేనట. ఏది కొంటాం? నంబరు ఎక్కువున్నదే గొప్ప అని మనకి మార్కుల దగ్గర్నుంచి అలవాటైపోయింది. ఇంటికి తెచ్చి చూస్తే కొమ్మ ఊగుతోంది, ఆకాశం ఊగుతోంది, పిట్ట జాడ లేదు. బొమ్మను ఇరవై రెట్లు పెంచేది చేతి వణుకునీ ఇరవై రెట్లు పెంచుతుంది. పైగా కనబడే మేర బాగా చిన్నది. పిట్ట ఎక్కడుందో వెతికేలోపు అది ఎగిరిపోయేది.

ఒక చిన్న లెక్క నేర్చుకో. రెండో అంకె ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క ఎంత వెడల్పో వస్తుంది. 50ని 20తో భాగిస్తే రెండున్నర. 42ని 8తో భాగిస్తే అయిదు పైచిలుకు. మబ్బు పట్టిన జనవరి సాయంత్రం ఆ తేడా కళ్లకి తెలిసిపోతుంది. నా 20×50లో నాలుగింటికే అంతా మసక.

అసలు నష్టం 40 డాలర్లు కాదమ్మా. తప్పు ఆ వస్తువుదని నాకు తెలియలేదు. నాకే చూడడం చేతకాదనుకుని దాన్ని అలమరలో పడేసి, ఆ చలికాలమంతా మళ్లీ కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఏప్రిల్‌లో బయటికి తీస్తే అద్దాల లోపల చెమ్మ పట్టి మచ్చలు. అంతకుముందు ఒకసారి గడ్డకట్టే చలిలోంచి వెచ్చటి గదిలోకి అలాగే తెచ్చి బల్ల మీద పెట్టాను. నైట్రోజన్ నింపి సీలు చేసిన రకం కాదు కదా, తేమ లోపలికి చేరింది. మంచిది కొన్నా సరే, ఇంట్లోకి రాగానే సంచిలోంచి తియ్యకు. ఒక గంట సంచిలోనే ఉండనీ.

రెండో చలికాలం దేవుడు కరుణించాడు. పబ్లిక్ లైబ్రరీలో పక్షుల బొమ్మల పుస్తకం తిరగేస్తూ రోజూ ఒక్కదాన్నే కూర్చోవడం చూసి, అక్కడి లైబ్రేరియన్ ఒక కాగితం చేతిలో పెట్టింది. శనివారం పొద్దున పక్షులు చూసే నడక, ఉచితం. నా ఇంగ్లీషుకి భయపడుతూనే వెళ్లాను. ఏడుగురున్నారు, అందరూ అరవై దాటినవాళ్లే. ఒక ముసలావిడ తన మెడలోని 8×42 తీసి నా మెడలో వేసింది. పొద కింద ఒక చిన్న పిట్ట, వీపు పలక రంగు, పొట్ట తెలుపు, ముక్కు లేత గులాబి. జంకో అంటారు. ఎక్కడో పైన కెనడా అడవుల్లోంచి, చలి తక్కువని న్యూజెర్సీకి వస్తుందట. నేను చలికి వణికిపోతున్న ఊరికి అది వెచ్చదనం కోసం వచ్చింది! ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. ఆవిడతో స్నేహం పదమూడేళ్లు, ఆవిడ పోయేదాకా నిలిచింది.

ఆ తర్వాత ఇంటి ఖర్చులో మిగిల్చి 180 డాలర్లు కూడబెట్టి నాదంటూ ఒక 8×42 కొన్నాను. ఈ పొద్దున ఉప్పలపాడులో నా మెడలో ఉన్నది అదే. ఇరవై ఏళ్లు దాటింది, పట్టీ మాత్రం రెండుసార్లు మార్చాను.

నువ్వు ఇక్కడ కొనకు. మంచి మోడళ్లు సాధారణంగా అక్కడే తక్కువకి దొరుకుతాయి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలూ ఉంటుంది. 8×42 తీసుకో. వాటర్‌ప్రూఫ్, నైట్రోజన్ లేదా ఆర్గాన్ నింపినది, బాక్-4 ప్రిజం (లోపలి గాజు రకం), అద్దాలన్నిటికీ మల్టీకోటింగ్, ఈ మాటలు పెట్టె మీద ఉన్నాయో లేదో చూసుకో. నీకు కళ్లజోడు ఉంది కాబట్టి ఐ రిలీఫ్, అంటే బొమ్మ పూర్తిగా కనబడేలా అద్దానికీ కంటికీ మధ్య ఉండగలిగే దూరం, 16 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. తగ్గితే చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది. సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్, నికాన్ ప్రోస్టాఫ్ పీ3, రెండూ సుమారు 150 డాలర్ల రకాలే, నీ పది వేల మీద కాస్త పడుతుంది. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ 200 దాటుతుంది కానీ జీవితకాలం వారంటీ, బిల్లు కూడా అడగరు. అందుకే అది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ధైర్యంగా తీసుకోవచ్చు. జూమ్ ఉన్నవి, ఎర్రగా మెరిసే అద్దాలున్నవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

కొన్నాక సరిచేసుకోవడం తెలియక చాలామంది వస్తువుని తిడతారు. రెండు గొట్టాలనీ మడుస్తూ, రెండు వలయాలు ఒక్కటిగా కలిసేదాకా తీసుకురా. కళ్లజోడు ఉంటే ఐకప్స్ (కంటికి ఆనే రబ్బరు కప్పులు) పూర్తిగా కిందికి తిప్పు. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి ఒక బోర్డు మీది అక్షరాలు స్పష్టం చేసుకో. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకో. ఆ రింగుని ఇక ముట్టుకోకు. పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్స్ కోసం చూడకు. చూపు పిట్ట మీదే ఉంచి, వాటిని కళ్ల దగ్గరికి తెచ్చుకో.

డబ్బు చేతిలో లేదని ఆగొద్దు. కొన్ని లైబ్రరీల్లో బైనాక్యులర్స్‌ని కూడా పుస్తకంలాగే ఇంటికిస్తారు. న్యూజెర్సీ ఆడుబాన్ అని పక్షుల సంఘం ఉంది, వాళ్ల నడకలు ఉంటాయి, అడిగితే ఎవరో ఒకరు తమవి ఇస్తారు. వెళ్లిన మొదటి శనివారమే ఏదో ఒక నడకకి వెళ్లు. పేపర్లూ అసైన్‌మెంట్లూ అయ్యాక చూద్దాం అనుకుంటే మార్చి వచ్చేస్తుంది, అప్పటికి గదికి అలవాటు పడిపోతావు. ఒక్కదానివే మాత్రం వీధుల్లో బైనాక్యులర్స్ ఎత్తకు. నేను ఒకసారి వడ్రంగిపిట్ట కోసం ఎత్తితే, చెట్టు వెనక ఎవరిదో పడకగది కిటికీ ఉంది. ఆయన బయటికొచ్చి గట్టిగా అరిచాడు. నా నోట మాట రాలేదు, చెట్టు వైపు వేలు చూపిస్తూ నిలబడిపోయాను. పక్కన ఇంకొకరు ఉంటే అంత దూరం వెళ్లేది కాదు.

వెళ్లగానే స్టేషన్ కప్పు మీద నీకు తెలిసిన ప్రాణి కనబడుతుంది, మన పిచ్చుకే. 1850ల్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, దేశమంతా పాకింది. కారున్న క్లాస్‌మేట్ దొరికితే, పెట్రోలు పంచుకుని అట్లాంటిక్ సిటీ దగ్గరున్న ఫోర్సైత్ వన్యప్రాణి రెఫ్యూజ్‌కి (సంరక్షణ ప్రాంతానికి) వెళ్లండి. ఎనిమిది మైళ్ల మట్టి దారి, కారులోంచే చూడొచ్చు. వేల కొద్దీ స్నో గూస్ బాతులు ఒక్కసారి లేస్తే ఆకాశం తెల్లబడిపోతుంది. నీళ్లల్లో సూదితోక బాతులు ఉంటాయి, ఇంగ్లీషులో పిన్‌టెయిల్. నువ్వు కొల్లేరులో చూసే బాతే అది. నేను మొదటిసారి అక్కడ చూసినప్పుడు పుట్టింటివాళ్లు ఎదురొచ్చినట్టు అనిపించి కారు దిగి నిలబడిపోయాను. చేతులకి వేళ్లు కదిలే పల్చటి గ్లౌజులు తొడుక్కో, బొంత గ్లౌజులతో ఫోకస్ చక్రం తిరగదు.

కస్టమ్స్, విమానం సామాను నిబంధనలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో. అడవి పక్షుల ఈక రాలి కనబడినా ఇంటికి తెచ్చుకోకు, 1918 నాటి అమెరికా చట్టం ఒప్పుకోదు.

క్రిస్మస్ పక్షుల లెక్క 1900 నుంచి జరుగుతోంది కానీ జనవరి 5తో అయిపోతుంది, ఈసారికి నీకు అందదు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల లెక్క ఇంకొకటి ఉంది, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. ఎక్కడైనా సరే, పదిహేను నిమిషాలు కూర్చుని కనబడినవి లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. మా రోజుల్లో పుస్తకం పేజీలు తిరగేసి పేరు పట్టుకునేవాళ్లం. మీకు మెర్లిన్ యాప్ ఉంది, కూత వింటే పేరు చెప్పేస్తుంది, ఉచితం. దించుకో. మీ అమ్మగారి ఫోన్‌లో కూడా దించు. ఆవిణ్ని పటమట మేడ మీద కూర్చోబెట్టు.

మా అమ్మ ఈ ఫిబ్రవరి లెక్క అయిదేళ్లుగా చేస్తోంది. ఇక్కడ ఉదయం ఏడంటే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆమె కుర్చీ వేసుకుని ఫోన్‌లో చెబుతుంటుంది, నేను రాసుకుంటాను. కాకులు పదకొండు, గోరింకలు నాలుగు, చిలకలు రెండు. కిందటేడు జెముడుకాకి వాలితే నా చెవి పగిలేలా అరిచింది. ఆ నాలుగు సాయంత్రాలూ నాకు చీకటి పడిన సంగతే తెలియదు.

నువ్వు బయల్దేరేలోపు ఒక ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని గుంటూరు రా. ఆరున్నరకల్లా ఎన్టీఆర్ బస్టాండ్‌లో దిగితే, ఉప్పలపాడు పది కిలోమీటర్ల లోపే, ఆటోలో వెళ్దాం. తిరిగొచ్చాక మా అమ్మ పెసరట్లు వేస్తుంది. కళ్లజోడు మర్చిపోకుండా పెట్టుకుని రా. నా 8×42 నీ కళ్లకి నప్పుతుందో లేదో గట్టు మీదే చూసేద్దాం.