దువ్వెనకి లొంగని ఆర్నెల్లు

(భీమవరంలో 34 ఏళ్లుగా కటింగ్ షాపు నడుపుతున్న మా శీర్షిక రచయిత, జుట్టు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకి ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాను. ఇన్నాళ్లూ పక్కలు మిషన్‌తో గీయించేసుకునేవాణ్ని. భుజాల దాకా పెంచాలని అయిదు నెలలుగా కత్తెర ముట్టనివ్వలేదు. ఇప్పుడు చెవుల మీద జుట్టు గొడుగులా లేస్తోంది. వెనక కాలరులోకి దిగుతోంది. ముందు జుట్టు కళ్లలో పడుతుంది కానీ చెవి వెనక్కి అందదు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "జ్వరం పడి లేచినవాడిలా ఉన్నావేంట్రా" అంది. నెలన్నరలో అక్క పెళ్లి. కొట్టించేసుకోనా అండీ?

జవాబు: ఆగండి బాబూ. మీరు చేసిన పొరపాటల్లా కత్తెర ముట్టనివ్వకపోవడమే. జుట్టు పెంచుదామనుకున్న ప్రతివాడూ ముందు చేసే పని మా షాపుల వైపు చూడ్డం మానేయడం. (బేరం కోసం చెబుతున్నాననుకోకండి. మీరున్నది కూకట్‌పల్లి, నేనున్నది భీమవరం.)

వెంట్రుక నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. నెత్తి మీదా, మెడ మీదా ఇంచుమించు ఒకటే వేగం. కానీ మెడ మీది జుట్టుకి కాలరు నాలుగు వేళ్ల దూరమే. నడినెత్తి జుట్టు అక్కడిదాకా దిగాలంటే ఏడాది దాటుతుంది. అందుకే అయిదో నెలకల్లా వెనక జులపాలు వచ్చేస్తాయి, పైన ఇంకా మామూలు క్రాపే ఉంటుంది. మీ అమ్మగారికి జ్వరం కనబడుతోంది ఆ తేడాలోనే. వెనకదాన్ని ఆపి, పైదాన్ని రానివ్వాలి.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. 1987లో నేనూ పెంచాను. మా నాన్న షాపులో అప్పటికి ఒకటే కుర్చీ, చెక్క ఫ్రేము అద్దం. "కటింగ్ షాపు వాడి కొడుకే జులపాలేసుకు తిరిగితే ఇంక మనం బోర్డు తిప్పేసుకోవాలి" అని వచ్చిన గిరాకీ ముందే తిట్టేవాడు. మంగళవారం మాకు సెలవు. ఓ మంగళవారం పొద్దున్నే తాళం తీసి, ఒక రెక్క తలుపు మాత్రం తెరిచి, కుర్చీ చూపించాడు. అయిపోయింది, గుండు చేసేస్తాడనుకున్నాను. మెడ మీద రెండు వేళ్ల మేర కత్తెరతో తగ్గించాడు. చెవి చుట్టూ చిన్న వంపు తీశాడు. పైన చెయ్యే పెట్టలేదు. గుడ్డ దులిపి, "నెలన్నరకోసారి రా" అన్నాడు. ఆ తర్వాత దాని గురించి తిట్టింది లేదు.

మీరూ అదే అడగండి. "వెనక మెడ దగ్గర తగ్గించండి, చెవుల చుట్టూ అంచు సర్దండి, పైన ముట్టుకోవద్దు, మిషన్ వద్దు, కత్తెరే" అని కూర్చోకముందే చెప్పాలి. గుడ్డ కట్టాక చెబితే మా చెయ్యి అలవాటు కొద్దీ మిషన్ మీదకే పోతుంది. ఇంకొకటి. చెవుల మీద ఉబ్బు చూసి, పళ్ల కత్తెరతో పలచన చేస్తానంటాడు. కుదుళ్ల దగ్గర మాత్రం చెయ్యనివ్వకండి. ఆ రోజు బాగానే అణిగి ఉంటుంది. నెల తిరిగేసరికి తెగిన పొట్టి వెంట్రుకలు పొడుగు వాటిని లోపల్నించి నిక్కబొడుస్తాయి. ఉబ్బు రెండింతలవుతుంది. కావాలంటే కొసల్లో మాత్రం కాస్త.

ఇంటి దగ్గర: తలస్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. తడిగా ఉండగానే పక్కలు వెనక్కి దువ్వి, పెద్ద చేతిరుమాలు నుదుటి మీంచి చెవుల మీదుగా వెనక్కి కట్టి, కాఫీ తాగి పేపరు చదివేదాకా ఉంచండి. జుట్టు ఎలా ఆరితే అలాగే నిలుస్తుంది. ఆరిపోయాక ఎంత జెల్ పూసినా దండగ. పాపిట కూడా మార్చి చూడండి. నడినెత్తిన సుడి ఉంటే, అది తిరిగిన వైపుకే దువ్వాలి. దానితో పోట్లాడి గెలిచినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఇక పెళ్లి. ముహూర్తానికి అయిదారు రోజుల ముందు సర్దించుకోండి, కొత్త కటింగ్ గీతలు మెత్తబడతాయి. మీ ఇళ్లలో కాశీయాత్ర ఉంటే బావగారికి బెల్లం ముక్క పెట్టి వెనక్కి తీసుకొచ్చేది మీరే. ఫోటోగ్రాఫరు పెళ్లికొడుకు మొహం కోసం చూస్తాడు కాబట్టి మీది మెడ వెనకే పడుతుంది. అది శుభ్రంగా ఉంటే అమ్మగారికి చాలు.

ప్రశ్న: మా ఆవిడకి ఏడో నెల. కాన్పయ్యేదాకా కటింగూ గడ్డమూ చేయించుకోకూడదని మా అత్తగారు గట్టిగా చెప్పారు. నేను బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాను. కత్తెర లేకుండా ఏమైనా దారి ఉందా?

జవాబు: మీ అత్తగారితో వాదించమని నేను చెప్పను. మా ఇద్దరు పిల్లలప్పుడు నేనూ పాటించాను. రోజుకి పాతిక తలలు కొడుతూ నా తల మాత్రం తుప్పలా ఉంచుకున్నాను, గిరాకీ అంతా నవ్వేవాళ్లు. మీకు ఇంకో రెండు మూడు సెంటీమీటర్లే పెరుగుతుంది, భయపడకండి. రాత్రి కొబ్బరినూనె, పొద్దున్న తలస్నానం, తడి మీద బఠాణీ గింజంత జెల్, పక్క పాపిట. గడ్డానికి అరచేతిలో రెండు చుక్కల నూనె రాసి కిందికి దువ్వండి. మేనేజరుగారికి మీరే ముందు చెప్పేయండి. మన వైపు "మా ఆవిడ కడుపుతో ఉంది సార్" అన్నాక రెండో ప్రశ్న వెయ్యరు, పైగా ఏ నెలని అడుగుతారు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడు. జుట్టు పెంచి, రబ్బరు బ్యాండుతో నడినెత్తిన బిగించి ముడేస్తున్నాడు. నుదురు పెద్దదవుతున్నట్టు నాకు అనిపిస్తోంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాకపోవచ్చమ్మా. రోజూ ఒకేచోట బిగించి లాగితే నుదుటి అంచునా, కణతల దగ్గరా కుదుళ్లు దెబ్బతింటాయి. మొదట్లో ఆపేస్తే మళ్లీ వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాదు. ముడి విప్పగానే "హమ్మయ్య" అనిపించిందంటే అంత బిగువుగా ఉందన్నమాట. నోట్ల కట్టలకి వేసే రబ్బరు వద్దు, గుడ్డ చుట్టిన బ్యాండు కొనివ్వండి. ముడి వదులుగా, మెడ దగ్గరికి దించి వేసుకోమనండి. రాత్రి విప్పేసి పడుకోవాలి, తడి జుట్టుకి ముడి వెయ్యకూడదు. ఇలా మూడు నెలలు చేసినా పలచబడుతూనే ఉంటే చర్మం డాక్టరుకి చూపించండి. ఇదంతా మీరు చెబితే వాడు వినడు. మీ వీధి కటింగ్ షాపాయనతో చెప్పించండి.