గాజు దారంలో వెలుగు

ప్రశ్న: విజయవాడలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. రాగి తీగ ఇంటర్నెట్ తీసేసి ఫైబర్ వేయించుకోమంటున్నారు. అది ఎలా పనిచేస్తుంది? మాకు నిజంగా ఉపయోగమేనా?

జవాబు: రాగి తీగలో సమాచారం విద్యుత్ సంకేతంగా వెళ్తే, ఫైబర్ అనే సన్నని గాజు దారంలో కంటికి కనిపించని పరారుణ కాంతి మిణుకులుగా వెళ్తుంది. కాంతి నడిచే గాజు కోర్ (మధ్య భాగం) మందం సుమారు 9 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చుట్టూ ఉన్న గాజు పొరకు వక్రీభవన గుణకం (కాంతిని వంచే గుణం) కాస్త తక్కువ కావడంతో, వెలుగు బయటికి జారిపోకుండా సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ, అంటే పూర్తిగా లోపలికే తిరిగి వస్తూ సాగుతుంది. మేలైన గాజులో 15 కిలోమీటర్లు నడిచాక కూడా దాదాపు సగం కాంతి మిగులుతుంది. రాగి తీగకు ఇంత ఓపిక లేదు.

మీకు అసలు లాభం అప్‌లోడ్‌లో ఉంది. రాగి ఫోన్ తీగ మీద వచ్చే పాత ఏడీఎస్ఎల్ ఇంటర్నెట్ కనెక్షన్లలో డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ వేగం చాలా తక్కువ కాబట్టి, భారీ డిజైన్ ఫైళ్లు పంపేటప్పుడు గంటల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. పైగా ప్రెస్ మోటార్ల విద్యుదయస్కాంత అలజడి గాజును తాకదు.

అయితే ప్రధాన ఫైబర్ తీగను స్ప్లిటర్ (కాంతిని పంచే పరికరం) ద్వారా తరచుగా 32 కనెక్షన్లకు పంచుతారు కనుక, కచ్చితంగా ఎంత అప్‌లోడ్ వేగం ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. కరెంటు పోతే మీ దగ్గరి ఫైబర్ మోడెమ్ కూడా ఆగిపోతుంది. దానికి చిన్న యూపీఎస్ తప్పనిసరి.