గుండె లయ తప్పినప్పుడు ఛాతీ బిగుసుకుపోతే ఏం చేయాలి?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం లేకుండా కొట్టుకునే సమస్య) ఉన్నవారికి గుండె లయ తప్పి కొట్టుకునేటప్పుడు ఛాతీ ఎందుకు పట్టేస్తుంది, అప్పుడు ఏం చేయాలి అన్నది ప్రశ్న.

గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది రెండు స్పందనల మధ్య అది సడలే క్షణాల్లోనే. వేగం నిమిషానికి 130, 140కి చేరితే ఆ విరామం కుంచించుకుపోతుంది. పని పెరిగి సరఫరా తగ్గడంతో, రక్తనాళాల్లో పూడికలు లేనివారికి కూడా ఛాతీపై బరువు పెట్టినట్టు అనిపించవచ్చు. భయం తోడైతే బిగుతు ఇంకా పెరుగుతుంది.

అలాంటప్పుడు చేస్తున్న పని ఆపి, వీపు ఆనించి కూర్చుని, పీల్చిన దానికంటే ఎక్కువసేపు గాలి వదులుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. ఇది లయను సరిచేస్తుందని ఆశించకండి, ఆందోళనను మాత్రం తగ్గిస్తుంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్లు ఆనించి, నాడిని నిండు నిమిషం లెక్కపెట్టండి. లయ తప్పిన నాడిని 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పవచ్చు. మొదలైన సమయం రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఎన్ని గంటలైందన్న దాన్నిబట్టి లయను సరిచేసే షాక్ చికిత్సపై వైద్యుల నిర్ణయం మారుతుంది. మందు మోతాదును సొంతంగా పెంచకూడదు.

బిగుతు మొదటిసారి వచ్చినా, కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా, దవడకో చేతికో పాకినా, చెమటలు పట్టినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పుతున్నట్టున్నా వెంటనే అంబులెన్స్ పిలవాలి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. స్మార్ట్‌వాచీ చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా పొరపాటే. అది లయ తేడాను చూపగలదు గానీ గుండెపోటును పట్టుకోలేదు.