షెమీదాను దాటేయకు

చిరంజీవి అమ్మాయికి,

యువజన కూడికలో బైబిలులోని సంఖ్యాకాండము 26వ అధ్యాయం నీ వంతుకు వచ్చిందనీ, పేర్ల పట్టికను వదిలేసి 27తో మొదలుపెట్టవచ్చా అనీ అడిగావు. వదలవద్దు. అలాగని అన్ని పేర్లూ వరసగా చదివితే పిల్లలు ఆవులిస్తారు. ఒక్క పేరు పట్టుకుని దాని వెంట వెళ్లు. నన్నడిగితే 32వ వచనంలోని షెమీదా చాలు.

ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన మనష్షే గోత్రంలో గిలాదు సంతానంగా అక్కడ ఆరు వంశాలు కనిపిస్తాయి: ఈజరు, హెలకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా, హెపెరు. షెమీదాకు కథ లేదు. ఆయన యుద్ధం చేయలేదు, ప్రవచించలేదు, కనీసం పాపం చేసినట్టు కూడా రాయలేదు. ఇలాంటి చోట పేరుకు అర్థం చెప్పి, దాని మీద గంటసేపు ప్రసంగం కట్టడం మన వేదికల మీద మామూలే. ఆ జోలికి పోకు. లేని కథ అల్లకు.

దానికి బదులు, పట్టిక ఎందుకు రాశారో 52వ వచనం నుంచి చదివించు. కనానులో అడుగుపెట్టబోయే ముందు మోయాబు మైదానంలో ఇశ్రాయేలీయుల లెక్క తీసింది భూమి పంచడానికి. ఎక్కువమంది ఉన్నవారికి ఎక్కువ, తక్కువమందికి తక్కువ. ఎవరికి ఎక్కడన్నది చీట్లు తేలుస్తాయి. 1వ అధ్యాయంలోని మొదటి లెక్కలో 32,200గా ఉన్న మనష్షేవారు ఈసరికి 52,700 అయ్యారు. అంటే పట్టికలో పేరుంటే పొలముంటుంది.

ఆ తర్వాత యెహోషువ 17 తీయించు. ఇక్కడ తొందరపడకు, ఈ లెక్క పిల్లలతోనే బోర్డు మీద వేయించు. యొర్దాను నదికి పడమట మనష్షేకు పది భాగాలు వచ్చాయని 5వ వచనం అంటుంది. వంశాలు ఆరే కదా, పది ఎలా వచ్చాయి? హెపెరు కుమారుడు సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని అయిదుగురు కూతుళ్లు. హెపెరు వాటా ఆ అయిదుగురికీ వెళ్లింది. షెమీదాతో కలిపి మిగిలినవి అయిదు. లెక్క సరిపోయింది. 27వ అధ్యాయంలో ఆ అక్కచెల్లెళ్లు మోషే ఎదుట నిలబడి అడిగింది ఏమిటో ఇక నువ్వు వేరే వివరించనక్కర్లేదు.

ఇప్పుడు కుండ పెంకుల సంగతి చెప్పు. 1910లో జార్జ్ రైస్నర్ నాయకత్వంలో హార్వర్డ్ బృందం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోనులో, అంటే నేటి సెబాస్తియాలో, రాజభవనం దగ్గర తవ్వితే సిరాతో రాసిన పెంకులు నూరుకు పైగా దొరికాయి. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానివి. ఆ రాజ్యాన్నేలిన రెండవ యరొబాము కాలానివని ఎక్కువమంది పండితుల అంచనా. పాత ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి వచ్చాయో, ఎవరి పేరన వచ్చాయో గుమాస్తాలు రాసుకున్న చిట్టాలవి. "పదిహేనవ ఏట, షెమీదా నుంచి, హేలెస్సుకు" అన్న ధోరణిలో ఉంటాయి. షెమీదా పేరు వాటిలో పదే పదే వస్తుంది. అబియెజెరు (మన పట్టికలోని ఈజరే), హెలకు, అశ్రీయేలు, షెకెము కూడా ఉన్నాయి. నోయా, హొగ్లా కూడా! తండ్రి భూమి అడిగిన ఆడపిల్లల పేర్లు ప్రభుత్వ చిట్టాలో ప్రాంతాల పేర్లుగా నిలిచాయి. ఈ మాట చెప్పి కాసేపు ఆగు, పిల్లలే ప్రశ్నలు వేస్తారు.

ఉత్సాహంలో హద్దు మాత్రం దాటకు. షెమీదా అనే మనిషి బతికాడని ఆ పెంకులు రుజువు చేయవు. షోమ్రోను చుట్టుపక్కల ఆ పేరుతో ఒక ప్రాంతం ఉండేదని, బైబిలు పట్టికలోని పేర్లు నిజమైన నేల మీద వాడుకలో ఉండేవని చూపిస్తాయి. ఆ సరుకు పన్నా, లేక పెద్దల సొంత పొలాల రాబడా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు.

కాస్త చురుకైన పిల్లవాడు ఎవరో ఒకరు తప్పక అడుగుతాడు: సంఖ్యాకాండములో షెకెము షెమీదాకు సోదరుడు, దినవృత్తాంతములు మొదటి గ్రంథం 7:19లో కొడుకు. ఏది నిజం? కంగారుపడి ఇద్దరు షెకెములని సర్దిచెప్పకు. మనలో ఎన్నో ఇంటిపేర్లు ఊరి పేర్లే కదా. అక్కడ కూడా ఊరూ వంశమూ మనిషీ ఒకే పేరు మీద నడిచాయి. షెకెము పేరుగల పట్టణం నేటి నాబ్లస్ పక్కనే ఉండేది. ఏ వంశం ఏ వంశంలో కలిసిందో, ఎవరు పెద్దయ్యారో చెప్పడానికి ఆనాటివారు తండ్రి, కొడుకు, తమ్ముడు అన్న వరసలు వాడేవారు. కాలంతోపాటు ఆ వరసలు మారడం వింతేమీ కాదు. నాకు సబబుగా తోచే వివరణ ఇదే. వేరుగా నమ్మే పెద్దలూ ఉన్నారు, వారితో వాదన పెట్టుకోకు.

ఒక పటం తప్పకుండా గోడకు తగిలించు. పేర్లు ముందురోజే పైకి చదివి నాలుకకు అలవాటు చేసుకో. దినవృత్తాంతములు 7:19లో షెమీదా కొడుకులుగా ఉన్న అహెయాను, లికీ, అనీయాముల గురించి ఎవరైనా అడిగితే, ఆ ముగ్గురి పేర్లూ బైబిలులో మరెక్కడా రావని చెప్పి 27వ అధ్యాయం తీయించు.

ఇట్లు,
మీ పెదనాన్న