అక్క భారతీయురాలు, తమ్ముడు శరణార్థి?

సందేహం: మా కుట్టుపని దుకాణంలో పనిచేసే ఆమె తమిళనాడులోని గుమ్మిడిపూండి శరణార్థుల శిబిరంలో ఉంటుంది. 1983లో అక్కడి తమిళులపై జరిగిన అల్లర్ల తర్వాత తల్లిదండ్రులు శ్రీలంక నుంచి పడవలో వచ్చారు. ఆమె 1986లో తమిళనాడులోనే ఉన్న మండపం శిబిరంలో పుట్టింది, తమ్ముడు 1990లో. పాస్‌పోర్టుకు వెళ్తే ‘మీరు శరణార్థులు’ అని తిప్పి పంపారు. వీరికి పౌరసత్వం వస్తుందా?
- ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: ఆమెకు పౌరసత్వం కొత్తగా రావలసిన పనిలేదమ్మా, పుట్టిన రోజు నుంచే ఉంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఇక్కడ పుట్టినవారిని, తల్లిదండ్రులు విదేశీయులైనా, పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ పౌరులుగానే గుర్తిస్తుంది. 1986లో మండపంలోనే పుట్టిన మరో మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2022లో ఆదేశించింది. ఆ తీర్పు నకలు ఆమె పాస్‌పోర్టు దరఖాస్తుకు జతచేయండి.

అన్నిటికన్నా ముఖ్యం జనన ధ్రువపత్రం. అది లేకపోతే ఆలస్యపు నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రి, శిబిరం రికార్డులు వెతికించండి. శిబిరం కార్డులో ‘శ్రీలంక జాతీయురాలు’ అని గుమాస్తా రాసినంత మాత్రాన హక్కు పోదు. అయితే ఒక్కటి తప్పక అడగండి: చెన్నైలోని శ్రీలంక దౌత్య కార్యాలయంలో ఆ దేశ పౌరసత్వ పత్రం ఏమైనా తీసుకున్నారా? తీసుకుని ఉంటే, ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారికి మన పౌరసత్వం పోతుందనే 9వ సెక్షన్ అడ్డొస్తుంది. అప్పుడు దరఖాస్తుకు ముందే న్యాయవాదిని కలవాలి.

తమ్ముడి సంగతి రాయడానికి నాకు కష్టంగా ఉంది. 1987 జూలై 1 నుంచి పుట్టినవారికి తల్లి గానీ తండ్రి గానీ భారత పౌరులై ఉండాలి. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ చట్టమూ లేదు. ఎవరు ఏ దేశం నుంచి, ఎప్పుడు వచ్చారన్నది చూసి ప్రభుత్వ ఉత్తర్వులే వారి తలరాత రాస్తున్నాయి. కొన్ని దేశాల నుంచి వచ్చినవారికి పౌరసత్వానికి దారి తెరిచిన 2019 పౌరసత్వ చట్ట సవరణలో (సీఏఏ) పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవని శిక్ష వేయకుండా 2025లో మినహాయింపు ఇచ్చారు. అది ఊరటే గానీ పౌరసత్వం కాదు.

‘అక్రమ వలసదారు’ అన్న ముద్ర ఉంటే దరఖాస్తు పెట్టి పౌరసత్వం పొందే దారి మూసుకుపోతుంది. అతని తరఫున నేనైతే ఆ మాట పట్టుకునే వాదిస్తాను. ‘అక్రమ వలసదారు’ అంటే పత్రాలు లేకుండా దేశంలోకి ‘ప్రవేశించిన’ విదేశీయుడని చట్టం నిర్వచనం. ఇక్కడే పుట్టినవాడు ఏ సరిహద్దు దాటి ప్రవేశించాడు? ఇది వాదన మాత్రమే, గెలుస్తుందని హామీ ఇవ్వలేను.

కాబట్టి అక్క దరఖాస్తును విడిగా, ముందుగా పెట్టించండి. తమ్ముడి ఫైలుతో కలిపితే ఆమె పని కూడా ఆగిపోతుంది.