టాసెల్ ఫెర్న్ కొమ్మలు కుళ్లుతుంటే

మట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి నాటిన టాసెల్ ఫెర్న్ (శాస్త్రీయ నామం ఫ్లెగ్మారియూరస్ స్క్వారోసస్) కొమ్మలు అడుగున నల్లబడి కుళ్లుతున్నాయన్నారు. తప్పు కొమ్మది కాదండీ, మట్టిది. పశ్చిమ కనుమల్లో ఇది చెట్ల మానుల మీద, రాళ్ల మీద వేలాడే మొక్క. వేళ్లకు గాలాడాలి.

ఈసారి కోయకండి. వేలాడే కొమ్మను తల్లిమొక్కకే ఉంచి, కొసకు దగ్గర 3–4 సెంటీమీటర్ల మేర తడి స్ఫాగ్నమ్ నాచు మీద ఆనించి, వంచిన తీగతో మెల్లగా అదిమి పెట్టండి. నాచును పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. దీని వేళ్లు కొస దగ్గర పుట్టి, కాండం లోపలే కిందికి పాకి బయటికొస్తాయి. అందుకే నెలలు పడుతుంది. లాగి చూడకండి. కొసన లేతాకుపచ్చ ఆకులు జోరుగా వస్తూ, వేళ్లు కూడా కనబడ్డాకే కోసి బెరడు ముక్కల బుట్టలోకి మార్చండి. వాననీళ్లే పోయండి.

స్పోర్ల (విత్తనాల బదులు ఈ మొక్క వదిలే సన్నటి పొడి లాంటి రేణువులు) జోలికి వద్దు, వాటికి శిలీంధ్రం తోడుండాలి, ఏళ్లు పడుతుంది. అడవిలోంచి పీకి తెచ్చిన మొక్క మాత్రం దయచేసి కొనకండి.