లేజర్ మార్కింగ్: మొదటి పీసు మీద పడినట్టే చివరి పీసు మీదా పడాలంటే

ఈ నెల విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫైబర్ లేజర్ మార్కింగ్ మెషిన్ల (లేజర్ కిరణంతో లోహం మీద అక్షరాలు, నంబర్లు వేసే మెషిన్ల) గురించే. ఒక్క పీసు మీద అందంగా మార్క్ వేసి చూపించడం ఏ మెషిన్‌కైనా చేతనవుతుంది. రోజుకు వేలల్లో వేయాల్సి వచ్చినప్పుడే చిక్కులు బయటపడతాయి. అందుకే జవాబుల్లో లెక్కలు కాస్త ఎక్కువగా ఉన్నాయి.

ప్రశ్న: 14 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు పిన్నుల తల మీద ఎనిమిది అక్షరాల లాట్ నంబరు వేయాలి. ఒక షిఫ్టులో 20,000 పిన్నులు. 20 వాట్ల మెషిన్ కొనాలా, 50 వాట్లదా? ధరలో చాలా తేడా ఉంది.
– ఆటోనగర్, గాజువాక

జవాబు: వాట్ల సంగతి తర్వాత, ముందు సెకన్లు లెక్కపెట్టండి. ఎనిమిది గంటల షిఫ్టు అంటే 28,800 సెకన్లు. టీకి, భోజనానికి, లాట్ మార్పులకు, చిన్నాచితకా ఆటంకాలకు 15 శాతం తీసేయండి. మిగిలేవి 24,480. అంటే పిన్నుకు 1.22 సెకన్లు.

ఎనిమిది చిన్న అక్షరాలు తేలిగ్గా వేయడానికి 20 వాట్ల మెషిన్‌కు అర సెకను నుంచి ముప్పావు సెకను చాలు. కానీ పిన్నును చేత్తో జిగ్‌లో (పీసును కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) పెట్టి, తలుపు మూసి, మార్క్ పడ్డాక తీసి డబ్బాలో వేయడానికి ఎంత చురుకైన మనిషికైనా నాలుగు సెకన్లు పడుతుంది. ఆ లెక్కన షిఫ్టుకు 6,000 దాటవు. 50 వాట్ల మెషిన్ తెచ్చినా పిన్నుకు పావు సెకను మిగులుతుందేమో, చేతి పని మాత్రం అలాగే ఉంటుంది. మీ డబ్బు అక్కడ పెట్టకండి, ట్రేల మీద పెట్టండి.

160 మిల్లీమీటర్ల ఫోకస్ లెన్స్‌కు 110 × 110 మిల్లీమీటర్ల మార్కింగ్ జాగా దొరుకుతుంది. 20 మిల్లీమీటర్ల ఎడంతో ఐదు వరసలు, వరసకు ఐదు గుంటల చొప్పున అల్యూమినియం ట్రే చేయించండి. అంచు నుంచి అంచుకు 94 మిల్లీమీటర్లే కాబట్టి 25 పిన్నులూ ఒకేసారి పడతాయి. షిఫ్టుకు 800 ట్రేలు, ట్రేకు 30.6 సెకన్లు. మార్కింగ్‌కు 18 సెకన్లు, ట్రే మార్చడానికి 3 సెకన్లు వేసుకున్నా మెషిన్‌కు ఇంకా వెసులుబాటు ఉంటుంది. ట్రే నింపడానికి ఒక మనిషికి 50 సెకన్లు పడుతుందనుకుంటే ఇద్దరు సరిపోతారు. ఆరేడు ట్రేలు తిరుగుతూ ఉండాలి. మార్క్ అయిన ట్రేను డబ్బాలోకి బోర్లించేయడమే, ఒక్కొక్కటి ఏరి తీయొద్దు.

రెండు చోట్ల పొరపాటు పడతారు. ఒకటి, ట్రే మూలలు. అక్కడ కిరణం కాస్త వాలుగా పడి చుక్క సాగుతుంది, అక్షరం వెలవెలబోతుంది. ట్రయల్‌లో నడిమి పిన్నును చూసి సరే అనకండి, నాలుగు మూలల పిన్నులనూ చూడండి. రెండోది, ఇంకా ఎక్కువ పిన్నులు పట్టించాలనే ఆశతో 254 మిల్లీమీటర్ల ఫోకస్ లెన్స్ కొనడం. జాగా 175 × 175కు పెరుగుతుంది, నిజమే. కానీ చుక్క వ్యాసం సుమారు 1.6 రెట్లు పెరిగి, అదే శక్తి రెండున్నర రెట్లు పెద్ద చోటు మీద పరుచుకుంటుంది. మార్క్ పలచబడిందని స్పీడు తగ్గిస్తారు. ట్రేతో సంపాదించుకున్న సమయం అక్కడే పోతుంది. లెన్స్ మార్చిన ప్రతిసారీ దాని కరెక్షన్ ఫైలు (ఆ లెన్స్ తెచ్చే వంపును సరిచేసే కంప్యూటర్ ఫైలు) కూడా మార్చాలి, లేకపోతే చతురస్రం గీస్తే అంచులు వంగుతాయి.

స్పీడు గురించి కూడా ఒక మాట. 20 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే సెకనుకు 20,000 పల్సులు (లేజర్ మెరుపులు) పడుతున్నప్పుడు, సెకనుకు 1,000 మిల్లీమీటర్ల వేగం పెడితే పల్సుకూ పల్సుకూ మధ్య దూరం 0.05 మిల్లీమీటర్లు. చుక్క వ్యాసం కూడా దాదాపు అంతే కాబట్టి గీత కలిసే పడుతుంది. వేగం 2,000 చేస్తే దూరం 0.1 అవుతుంది, గీత చుక్కలుగా విడిపోతుంది. వేగం పెంచితే ఫ్రీక్వెన్సీ కూడా పెంచాలి, అప్పుడు ఒక్కో పల్సులో శక్తి తగ్గుతుంది. 50 వాట్ల అవసరం నిజంగా వచ్చేది ఇక్కడే. మార్క్ తర్వాత షాట్ బ్లాస్టింగో, పెయింటో ఉండి లోతైన అక్షరం కావాలంటే పెద్ద మెషిన్ తీసుకోండి. నూనె రాసి ప్యాక్ చేసే పిన్నులకు 20 వాట్లు చాలు.

ప్రశ్న: మా డేటా మ్యాట్రిక్స్ కోడ్‌ను (నలుపు, తెలుపు గడుల చతురస్రపు కోడ్‌ను) స్కానర్ పొద్దున బాగానే చదువుతోంది. మధ్యాహ్నం దాటాక పదిలో రెండు మూడు చదవదు. సెట్టింగులు ఎవరూ ముట్టుకోలేదు.
– దువ్వాడ

జవాబు: సెట్టింగులు ముట్టుకోకపోవడం మంచిదైంది, ఇప్పుడు కూడా ముట్టుకోకండి. ముందు తప్పు మెషిన్‌దా, పీసుదా తేల్చుకోండి. శుభ్రంగా తుడిచిన ఒక చదును ప్లేటు పెట్టి, మార్కింగ్ జాగాలో తొమ్మిది చోట్ల అదే కోడ్ వేయండి. ఎన్నిసార్లు వేసినా ఒకే చోట మసకగా వస్తుంటే లెన్స్ మీద మరక ఉంది. అన్ని చోట్లా సమానంగా పలచబడితే ఫోకస్ ఎత్తు జారింది, లేదా లెన్స్ మొత్తం పొగ పట్టింది. ప్లేటు మీద తొమ్మిదీ బాగా వస్తే దోషం పీసుల మీది కూలెంట్ నూనెది. మధ్యాహ్నానికి వాషింగ్ ట్యాంకు మురికెక్కి, పీసులు జిడ్డుతో వస్తున్నాయేమో చూడండి. నూనె కాలి కోడ్ చుట్టూ మసి పేరుకుంటే నలుపు గడికీ తెలుపు గడికీ తేడా తగ్గిపోతుంది.

లెన్స్ తుడిచే పద్ధతి చాలా చోట్ల తప్పుగా సాగుతోంది. మెషిన్ ఆపి, ముందు చేతి బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి. కంప్రెసర్ గాలి వద్దు, అందులో నూనె, నీరు ఉంటాయి. తర్వాత లెన్స్ పేపరు మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, ఒక వైపు నుంచి రెండో వైపుకు ఒక్కసారే లాగి, ఆ కాగితం పారేయాలి. మళ్లీ లాగాలంటే కొత్త కాగితం. బనియన్ వేస్టుతో గుండ్రంగా రుద్దితే లోహపు రజను కోటింగ్‌ను గీరేస్తుంది. పొగ లాగే గొట్టం మూతి మార్క్ పడే చోటుకు దగ్గరగా, పక్క నుంచి ఉంటే లెన్స్ మురికెక్కడమే తగ్గుతుంది.

విశాఖలో ఇంకో సంగతి గమనించాలి. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలోని ఆవిరి సుమారు 28 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీలకు చల్లబడ్డ మెషిన్‌కు, భోజనాల వేళ తలుపు బార్లా తీసినప్పుడు ఈ గాలి తగిలితే లెన్స్ మీద కంటికి సరిగ్గా కనపడని చెమ్మ పడుతుంది. దాని మీద పొగ అతుక్కుంటుంది. ఏసీని 26 దగ్గర ఉంచండి, చెమ్మ తగ్గుతుంది; పూర్తిగా పోదు కాబట్టి తలుపు దానంతటదే మూసుకునేలా చేయండి, షిఫ్టు అయ్యాక ఏసీ ఆపే ముందే లెన్స్ మూత పెట్టండి.

కోడ్ డ్రాయింగు కూడా ఒకసారి చూసుకోండి. చుట్టూ కనీసం ఒక గడి వెడల్పున ఖాళీ ఉండి తీరాలి. మెషినింగ్ గీతలు మెరిసే తలమైతే ముందు తేలికపాటి తెల్లని పూత లాంటి పాస్ వేసి (అంటే లేజర్‌ను ఒక విడత నడిపి), దాని మీద నల్ల గడులు వేయండి. సెల్‌ఫోన్ చదివిందంటే కోడ్ బాగున్నట్టు కాదు. లోహం మీది కోడ్‌లకు ఐఎస్ఓ/ఐఈసీ 29158 ప్రమాణం ప్రకారం గ్రేడు ఇచ్చే వెరిఫయర్ ఉండాలి. కొనేవాళ్లు ఏ గ్రేడు అడిగారో ఆర్డరు కాగితంలో చూసుకుని, ట్రే మూలల్లోని పీసులను దానితో పరీక్షించండి.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ స్టీలు సర్జికల్ పరికరాల మీద నల్లని మార్క్ వేస్తున్నాం. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) నాలుగైదు సార్లు పెట్టాక సరిగ్గా మార్క్ ఉన్న చోటే తుప్పు కనిపిస్తోంది. స్టీలు నాసిరకందా?
– మెడ్‌టెక్ జోన్

జవాబు: స్టీలును అనుమానించే ముందు వేడిని అనుమానించండి. నల్ల మార్క్ అంటే లోహాన్ని తొలచకుండా కాచి, పైన ఆక్సైడ్ పొర మందంగా పెంచడం. వేడి ఎక్కువైతే పైతలంలో క్రోమియం సమతుల్యం చెడి, తుప్పును ఆపే పలచని పొర అక్కడ దెబ్బతింటుంది. కత్తెరలు, ఫోర్సెప్స్‌కు వాడే 420 రకం స్టీలులో క్రోమియం 304 రకం కంటే తక్కువ కాబట్టి దోషం తొందరగా బయటపడుతుంది. మార్క్‌ను వేలితో తడిమి చూడండి. గరుకుగా తగిలితే కాచడం దాటి చెక్కుతున్నారన్నమాట.

మామూలు క్యూ-స్విచ్ మెషిన్‌లో పల్సు నిడివి సుమారు 100 నానోసెకన్ల దగ్గర స్థిరంగా ఉంటుంది, మార్చలేం. ఈ పనికి నిడివి మార్చుకునే మోపా రకం మేలు, పెట్టుబడికి తగ్గ ఫలితం ఇస్తుంది. ఏదైనా సరే, అదే స్టీలు, అదే పాలిష్ ఉన్న ముక్క మీద అడ్డంగా పది వేగాలు, నిలువుగా పది ఫ్రీక్వెన్సీలతో వంద గడులు వేయండి. ఆ ముక్కను పాసివేషన్ చేసి (ఆమ్లంలో ఉంచి తుప్పును ఆపే పొరను మళ్లీ ఏర్పడనిచ్చి), ఆటోక్లేవ్‌లో మీ వాడకం ప్రకారం తిప్పి, అప్పుడు ఎంచుకోండి. మార్క్ పడ్డ రోజున అన్నిటికంటే నల్లగా ఉన్న గడి చాలాసార్లు ముందు తుప్పు పట్టేదే. పాసివేషన్ మార్కింగ్ తర్వాత ఉండాలి. నైట్రిక్ ఆమ్లం నలుపును వెలిసేలా చేయగలదు, సిట్రిక్ ఆమ్లం కాస్త నెమ్మది. తుది పరీక్షకు ఏఎస్‌టీఎం ఎఫ్1089 ప్రమాణంలోని మరిగే నీటి పద్ధతి సర్జికల్ పరికరాల కోసమే రాసింది.

ప్రశ్న: జింకు పూత వేయబోయే టవర్ యాంగిళ్ల మీద గుర్తు నంబర్లు లేజర్‌తో వేయొచ్చా?
– పెందుర్తి

జవాబు: వద్దు. 6 మిల్లీమీటర్లకు పైబడ్డ స్టీలు మీద హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచే) పూత సగటున 85 మైక్రాన్లు ఉండాలి, తేలికపాటి మార్క్ అందులో మునిగిపోతుంది. పూత అయ్యాక వేస్తే జింకును మీరే ఆవిరి చేసినవారవుతారు. పంచింగ్‌తోనే వేయండి.

ప్రశ్న: ఎర్ర లైటు చిన్నదే కదా అని మా కుర్రాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవడం లేదు. తలుపు సెన్సర్‌కు అయస్కాంతం అతికించి తెరిచే నడుపుతున్నారు. ప్రమాదమా?
– మల్కాపురం

జవాబు: చాలా ప్రమాదం. ఈ రోజే ఆ అయస్కాంతం పీకేయండి. ఎర్ర లైటు చోటు చూపించడానికి మాత్రమే. పని చేసే కిరణం 1,064 నానోమీటర్లది, కంటికి కనపడదు. కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు. కంటి లెన్స్ దాన్ని నేరుగా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది, అక్కడ కాలింది తిరిగి రాదు. మెరిసే పీసు నుంచి ఎగిరిన ప్రతిబింబం కూడా చాలు. తలుపు తెరిచిన మెషిన్ నాలుగో తరగతి (అన్నిటికంటే ప్రమాదకరమైన) లేజర్ కిందికి వస్తుంది. సర్వీసు కోసం తెరవక తప్పనప్పుడు 1,064 అని, ఓడీ (కిరణాన్ని అడ్డుకునే స్థాయి) 6 లేదా అంతకంటే ఎక్కువ అని ముద్రించిన అద్దాలే పెట్టాలి, వెల్డింగ్ అద్దాలు పనికిరావు. పీవీసీ కేబుల్ ముక్కల మీద సరదాకైనా మార్క్ వేయనివ్వకండి, వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. అది ఊపిరితిత్తులను మంటెక్కిస్తుంది, మెషిన్ లోపలి భాగాలను తినేస్తుంది.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒకే సీరియల్ నంబరు రెండు పీసుల మీద పడుతోంది.
– అచ్యుతాపురం

జవాబు: నంబరు పెరిగిందన్న సంగతి డిస్క్ మీదకు ఎక్కేలోపే కంప్యూటర్ ఆగిపోతోంది. కంప్యూటర్‌కు, కంట్రోల్ కార్డుకు యూపీఎస్ పెట్టండి. నంబరును మార్కింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పెంచకుండా విడిగా డేటాబేస్ నుంచి ఇప్పించి, మార్క్ అయ్యాక స్కానర్ చదివిన నంబరుతో పోల్చండి. రెండోసారి అదే నంబరు వస్తే లైను ఆగాలి. కరెంటు వచ్చాక మెషిన్‌లో ఉన్న పీసును తీసి ఎర్ర డబ్బాలో వేయించండి, దాని నంబరును రద్దు చేసి తర్వాతి నంబరుతో మొదలుపెట్టండి. కరెంటు పోకుండానే ఒకే పీసు మీద రెండుసార్లు మార్క్ పడుతుంటే పీసు సెన్సర్ రెండుసార్లు సిగ్నల్ ఇస్తోంది. బ్రాకెట్ వదులైందేమో బిగించి, ట్రిగ్గర్‌కు (మార్క్ మొదలుపెట్టించే సిగ్నల్‌కు) అర సెకను నిషేధ సమయం పెట్టండి, ఆ లోపు వచ్చే రెండో సిగ్నల్‌ను మెషిన్ పట్టించుకోదు.